ఎడమ చెంపలో గది

టీ గోదాములో అతని ముక్కు మాటకు తిరుగు లేదు. పెట్టె మూత తీయించి, పిడికెడు ఆకు అరచేతిలో పోసుకుని, నోటి ఆవిరితో ఒకసారి వెచ్చబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "పైకి" అంటే ఆ పెట్టె పై వరుసకు. "బయటికి" అంటే వచ్చిన లారీలోనే వెనక్కి. తోటవాళ్ళు కాగితం మీద ఎంత గొప్పగా రాసి పంపినా ఆ ముక్కు కింద నిలవని సరుకు బజారులో నిలిచేది కాదు. అందుకే అందరూ అతన్ని ముక్కాయన అనేవాళ్ళు. వెనకాల కాదు, మొహం మీదే. అతనూ పలికేవాడు. వ్యాపారంలో పేరంటే సరుకు మీద వేసే గుర్తులాంటిది, పనికొస్తే చాలు, అందంతో పనేముంది అనుకునే మనిషి.

వయసు యాభై రెండు. పెళ్ళి చేసుకోలేదు. అన్న ఉన్నన్నాళ్ళూ అన్నావదినలతో, అన్న పోయాక వదినతో, గోదాముకు రెండు వీధుల అవతల అదే ఇంట్లో ఉంటున్నాడు. పొట్లాలు కట్టే గది వదిన చూసుకుంటుంది. ఆరుగురు ఆడవాళ్ళు, నాలుగు త్రాసులు, అందరి మీదా ఆమె కన్ను. అక్కడ ఆమె మాటకు తిరుగు లేదు. ఎవరి హద్దు ఏదో ఇద్దరికీ తెలుసు కనుక పదకొండేళ్ళుగా మాటా మాటా రాకుండా గడిచింది.

వానలు మొదలైన నెలలో ఒక పొద్దున, కింది వరుసలో పెట్టె కోసం వంగినప్పుడు ఆ వాసన తగిలింది.

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా లేచి, గొంతు సవరించుకుని, "మేస్త్రీ, ఎక్కడో ఎలుక చచ్చింది" అన్నాడు.

హమాలీల మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి, బుర్రుమని రెండుసార్లు గాలి పీల్చాడు. ముక్కాయన చూపు ఎటు పోతోందో కనిపెట్టి, "అవునయ్యా, గట్టిగానే కొడుతోంది. అదిగో, ఆ మూల నుంచే" అన్నాడు.

ఆ మూల రెండొందల పెట్టెలు. దించారు. ఎలుక లేదు. అవతలి మూల కూడా దించారు. చెక్క పలకలు లేపి చూశారు, గోడలకు సున్నం కొట్టించారు, పైన ఉన్న గాలి కిటికీలు మూడు రోజులు తెరిచి ఉంచారు. వాన జల్లు కొట్టి రెండు పెట్టెలు తడవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

ఆ తర్వాత పెట్టెల్లోనే వాసన రావడం మొదలైంది. "బయటికి" అన్నాడు. మర్నాడు మళ్ళీ "బయటికి." నెల తిరిగేలోగా మూడు లారీలు వెనక్కి వెళ్ళాయి. నాలుగో లారీతో తోట ఏజెంటే దిగి వచ్చాడు. తన సరుకు తానే అరచేతిలో పోసుకుని, చాలాసేపు వాసన చూసి, ముక్కాయన మొహంలోకి ఒకసారి చూసి, "నిజమేనండోయ్. అడుగున ఏదో ఉంది" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు. పాపం, అంతకంటే ఏమంటాడు? ముక్కాయన ఎదుట నిలబడి నాకు వాసన రావడం లేదనడమంటే తన ముక్కు దండగని తానే చాటింపు వేసుకోవడం. ఆ బజారులో అలా చాటుకుని బతికి బట్టకట్టినవాడు లేడు. అందుకని అందరికీ వాసన వచ్చింది. లెక్కల గుమస్తాకు ఏకంగా తలనొప్పి కూడా వచ్చింది.

ఎలుక అని పైకి అన్నాడు గానీ, అది ఎలుక కాదని అతనికి మొదటి పీల్పులోనే తెలుసు. ఆ వాసన అతను అంతకుముందు ఒక్కసారే చూశాడు. పదకొండేళ్ళ కిందట, రెండు రోజుల సెలవు తర్వాత, ఇదే తలుపు తాళం తీసినప్పుడు.

గోదాముకు తాళం వేసేముందు పిలవాలన్న నియమం అన్న పెట్టిందే. మనిషి ఎత్తున్నర పెట్టెల గుట్టలు, మధ్యలో ఒక మనిషి పట్టే సందులు. లోపల ఎవరున్నా తలుపు దగ్గరికి కనపడరు. అందుకని తలుపు రెక్క పట్టుకుని "ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలవాలి. పిలిచిన ప్రతిసారీ పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఆ తర్వాతే తాళం. ఎంత తొందరున్నా అన్న పది దాకా లెక్కపెట్టకుండా తాళంచెవి తిప్పేవాడు కాదు.

ఆ సెలవుకు ముందు రోజు పొద్దున అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చింది. తమ్ముడు "పైకి" అన్న సరుకును అన్న కొనేవాళ్ళ ముందే "బయటికి" అన్నాడు. పైగా నవ్వుతూ, "వీడి ముక్కు ఇంకా పచ్చిది" అన్నాడు. ఆ మాట తమ్ముడి గుండెలో ముల్లులా దిగింది. మధ్యాహ్నం పంటి నొప్పికి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఎడమ పై దవడలో ఒక పన్ను పీకి, పక్క పన్నుకు వేరులో మందు నింపి, దూది కరిపించి, రాత్రి దాకా నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. చెంప మొద్దుబారిపోయి ఉంది. సాయంత్రం గోదాముకు వచ్చేసరికి హమాలీలు వెళ్ళిపోయారు. అన్న ఆ సాయంత్రం బస్సుకు కొండ మీది తోటలకు వెళ్ళాల్సి ఉంది. వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాడు. నోట్లో దూది ఉంది, మనసులో ముల్లుంది. పిలవలేదు. తాళం వేసి ఇంటికి వెళ్ళాడు.

అన్న బస్సు ఎక్కలేదు. అయిదో వరుసకూ ఆరో వరుసకూ మధ్య, గుట్ట మీద నుంచి జారి పడి ఉన్నాడు. ఎప్పుడు ప్రాణం పోయిందో ఇదమిత్థంగా చెప్పలేమన్నారు.

"తాళం వేసేటప్పుడు పిలిచారా?" అని పోలీసు అధికారి అడిగాడు. వదిన పక్కనే ఉంది.

"మూడుసార్లు పిలిచాను" అన్నాడు అతను.

ఆ అబద్ధం ముందు తనను తాను కాపాడుకోవడానికే ఆడాడు. కానీ అది వెంటనే చేతులు మారింది. వదిన దాన్ని తీసుకుంది. మూడు పిలుపులకూ పలకలేదంటే అప్పటికే పోయాడన్నమాట, పడగానే పోయాడన్నమాట, బాధ తెలియకుండా పోయాడన్నమాట. పలకరింపుకు వచ్చిన ప్రతి మనిషికీ ఆమె ఆ లెక్కే చెప్పింది. చెప్పి చెప్పి, ఏడుపు ఆపుకుని, నెల తిరక్కుండా త్రాసుల ముందు కూర్చుంది. ఇప్పుడు నిజం చెబితే అతని గుండె బరువు కాస్త తగ్గుతుంది, ఆ తగ్గిన బరువంతా, దాని మీద మరికొంత కలిసి, ఆమె మీద పడుతుంది. ఏ వైపు నుంచి తూచినా త్రాసు ముల్లు అక్కడే ఆగేది. అందుకని నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు అన్నే వచ్చాడు.

వాసన ఎప్పుడూ ఎడమ పక్క నుంచే వచ్చేది. అన్న కూడా సరుకు చూసేటప్పుడు అతనికి ఎడమ పక్కనే నిలబడేవాడు. వంగితే వాసన ఎక్కువయ్యేది, ఎవరో భుజం మీదుగా ముందుకు వంగి అతని అరచేతిలో ఆకును తామూ చూస్తున్నట్టు. అయిదో వరుస వైపు వెళ్ళడం మానేశాడు. అటు నుంచి పెట్టె కావాలంటే మేస్త్రిని పంపేవాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు, పచ్చి ముక్కు అన్నావు కదా, ఇప్పుడు చూడు అన్నయ్యా, ఒక్క నీ వాసన తప్ప ఏదీ పట్టడం లేదు, అని గుట్టతో చెప్పుకున్నాడు.

వదిన మూడు లారీల దాకా ఓపిక పట్టింది. నాలుగోది వెనక్కి వెళ్ళిన సాయంత్రం త్రాసు పక్కన పెట్టి గోదాములోకి వచ్చింది.

"అబ్బాయ్, నాకు ఏ వాసనా రావడం లేదు."

మేస్త్రి పెట్టెల చాటుకు తప్పుకున్నాడు. పదకొండేళ్ళలో ఆ ముక్కు మాట కాదన్న మొదటి మనిషి ఆమే.

"నీకు జలుబేమో వదినా."

"నాకు జలుబు లేదు. నీకుందేమో చూసుకో. ఎడం చెంప ఉబ్బినట్టుంది, నెల నుంచీ అటువైపు నమలడం లేదు. నేను చూడటం లేదనుకుంటున్నావా? పద, డాబా మీదికి."

డాబా మీద ఈదురుగాలి. ఆరేసిన గోనెసంచులు జెండాల్లా ఎగురుతున్నాయి.

"ఇక్కడ వస్తోందా?"

అతను తల ఊపాడు.

"ఇంటి దగ్గర?"

"వస్తోంది."

"నిద్రలో?"

"నిద్రలోనూ."

"అయితే గోదాము కాళ్ళు తెచ్చుకుని నీ వెంట ఇంటికొస్తోందా? వాసన నీలో ఉందిరా పిచ్చివాడా. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

తనలో ఉన్నదేమిటో అతనికి తెలుసు. డాక్టర్లకు దొరికేది కాదది.

వీధి చివరి డాక్టరు మొహానికి ఎక్స్‌రే తీయించి, దీపం ముందు పట్టుకుని, "చెంప దగ్గర కాస్త మసకగా ఉంది. జలుబు ముదిరింది" అని పది రోజులకు మాత్రలు రాశాడు. పది రోజులూ మింగాడు. వాసన రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మూడో రోజు తిరిగొచ్చింది. వదిన ఊరుకోలేదు. ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన ముక్కులోకి లైటు వేసి చూసి, ఒక పక్కే వాసన, ఒక పక్కే నొప్పి అంటే జలుబు మీదికి నెట్టెయ్యకూడదని స్కాను రాశాడు.

స్కాను గది చల్లగా ఉంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తల కదలకుండా రెండు పక్కలా మెత్తలు పెట్టారు. "రెండు నిమిషాలండి. కదలొద్దు, మింగొద్దు, మాట్లాడొద్దు" అంది ఒక గొంతు ఎక్కడి నుంచో. తలుపు మూసిన చప్పుడైంది. తల చుట్టూ చక్రం తిరుగుతోంది. మూసిన గదిలో వెల్లకిలా పడి, కదలకుండా, మాట్లాడకుండా ఉండటం ఎలా ఉంటుందో అతనికి రెండు నిమిషాలకే తెలిసింది. రెండు రోజుల్లో ఎన్ని రెండు నిమిషాలుంటాయో లెక్క కట్టబోయి ఆపుకున్నాడు. లెక్కను ఆపుకోవడం అతని జీవితంలో అదే మొదటిసారి.

స్కాను డాక్టరమ్మ నడివయసు మనిషి. చీకటి గదిలో పెద్ద తెర ముందు కూర్చుని ఉంది. పక్కన తాగకుండా వదిలేసిన కప్పు.

"కూర్చోండి. మీరేనా ముక్కాయన? మా ఇంట్లో మీ పొట్లమే."

"మరి ఇది మాది కాదు" అన్నాడు కప్పు చూసి. "మరీ కాచారు."

"రంగు చూసి చెప్పారా, వాసన చూసా?"

"రంగే. వాసన చూసే యోగం ఇప్పుడు లేదు."

వదిన నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వి తెర వైపు తిరిగింది.

"ఇది మీ మొహం. ముందు నుంచి పలచగా కోసుకుంటూ పోతే ఎలా ఉంటుందో అలా చూస్తున్నాం. మీరు నాకు ఎదురుగా కూర్చున్నట్టు లెక్క, కాబట్టి తెర మీద కుడివైపు కనపడేది మీ ఎడమ. తెలుపంటే ఎముక, నలుపంటే గాలి. ముక్కుకు రెండు పక్కలా చెంపల లోపల గదులుంటాయి. ఇదిగో మీ కుడి చెంప గది. నల్లగా, ఖాళీగా ఉంది కదా? అలాగే ఉండాలి. ఇప్పుడు ఎడమ చూడండి."

ఎడమ గదిలో నలుపు లేదు. అడుగు నుంచి కప్పు దాకా బూడిదరంగు.

"ఈ గదులతో చిక్కేమిటంటే తలుపు కింద ఉండదు, పైన కప్పు దగ్గర ఉంటుంది. ఇంతే, పెన్సిలు ములుకంత. అది వాచిపోతే మూసుకున్నట్టే. ఇక లోపలున్నది లోపలే. మీ గది గోడలు ఎంత మందంగా అయ్యాయో చూశారా? నిన్న మొన్నటిది కాదిది. ఏళ్ళ తరబడి ఉంది. లోపల ఒకటి పడి ఉంది. బయటికి రాలేక అక్కడే పడి ఉంది. అందరూ బయట వెతికారు గానీ లోపల ఎవరూ చూడలేదు."

అతను కుర్చీ చేతిని పట్టుకున్నాడు. మిగతాదంతా విన్నాడు గానీ, ఆ చివరి మాటలు చెవిలోంచి పోలేదు.

"ఏం పడి ఉంది?" అన్నాడు.

డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టింది. బూడిదరంగు మధ్యలో చుక్కలు, ఎముక కంటే తెల్లగా మెరుస్తున్నాయి. "ఎముక ఇంత తెల్లగా ఉండదు. ఇక్కడే కింద చూడండి, పై దవడలో ఈ పన్నుకు వేరు వైద్యం జరిగింది. వేరులో నింపిన మందు కొస దాటి పైకి, గదిలోకి వెళ్ళింది. అప్పుడు తెలియదు, నొప్పి ఉండదు. ఆ పలుకు చుట్టూ బూజు చేరింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఉండ కట్టింది. ఇలా ఒకే పక్క, మధ్యలో ఇంత తెల్లటి చుక్కలతో కనపడితే చాలావరకు అదే. తీశాక పరీక్షకు పంపిస్తే ఖాయమవుతుంది. మీ వాసన ఇదే."

బూజు. ముప్పై ఏళ్ళుగా ఏ పెట్టెలో నలుసంత బూజున్నా పది అడుగుల దూరం నుంచి పట్టినవాడు అతను.

"అంటే బయట ఏమీ లేదా?"

"బయట ఏముంటుందండీ?" డాక్టరమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. "ఈ పన్ను ఎప్పుడు చేయించారు?"

"గుర్తులేదు" అన్నాడు చప్పున.

"నీకా గుర్తులేనిది!" వదిన డాక్టరమ్మ వైపు తిరిగింది. "పదేళ్ళ కిందటి పెట్టె మీద నంబరు చెప్తాడండీ ఈయన. నాకు గుర్తుంది, నేను చెప్తాను. పదకొండేళ్ళయింది. సాయంత్రం ఇంటికి వచ్చాడు, బుగ్గ ఇంత లావున. నోట్లో దూది. టీ ఇస్తే మూతి పక్క నుంచి కారిపోయింది. నేను ఒకటే నవ్వు. మాట్లాడరా అంటే మాట్లాడడు, చీటీ మీద రాసి చూపించాడు. నోరు తెరవొద్దన్నారు అని. పొద్దున నుంచీ ఆయన మీద కోపం, అందుకే నోరు మెదపడం లేదని నేను ఏడిపించాను కూడా. ఆయన ఆ రోజే కదా తోటలకు..."

ఆమె నవ్వు మొహం మీద ఉన్నట్టే ఉంది. మాట మాత్రం ఆగిపోయింది.

డాక్టరమ్మ పదకొండు అని రాసుకుంది. "అప్పటి నుంచీ అక్కడే ఉందన్నమాట" అంది కలం మూస్తూ.

బయటికి వచ్చాక వదిన ముందు నడిచింది. ఎప్పుడూ పక్కన నడిచే మనిషి. అతను నాలుగు అడుగుల వెనక, ఆమె చెప్పుల మడమలు చూసుకుంటూ నడిచాడు. ఆమె ఏమీ అడగలేదు. ఆ రోజే కాదు, ఆపరేషను దాకా పది రోజులూ అడగలేదు. అన్నం పెట్టింది, మందులు వేసింది, ఆస్పత్రి సంచి సర్దింది. ఆ పది రోజుల్లో అతను జవాబులు తయారు చేసుకున్నాడు. దూది తీసి పిలిచానని ఒకటి. దూదితోనే ముద్దముద్దగా అరిచానని ఇంకొకటి. ఒక్కొక్కటీ అరచేతిలో పోసుకుని వాసన చూసుకున్నాడు. ఒక్కటీ నిలవలేదు.

ఆపరేషను ముక్కులోంచే చేశారు. పైకి గీత కూడా పడలేదు. తలుపు పెద్దది చేసి, గది కడిగి, ఉండను తీసి, చిన్న సీసాలో వేసి చూపించారు. తడిసి ఆరిన టీ పిప్పిలా ఉంది, గోధుమరంగులో, ఉసిరికాయలో సగమంత. ఇంతేనా అనుకున్నాడు. దీని కోసమా నాలుగు లారీలు, గోడలకు సున్నం, గుట్టతో మాటలు. పరీక్షలో కూడా బూజనే తేలింది. వారం తిరిగేసరికి ఎడమ ముక్కులోంచి గాలి సాఫీగా ఆడింది. గాలిలో ఏమీ లేదు.

గోదాముకు తిరిగి వెళ్ళిన మొదటి రోజు, పెట్టె మూత తీయించి అరచేతిలో ఆకు పోసుకున్నాడు. ఎండ, పచ్చిక, కొంచెం పొగ. ఎన్నాళ్ళకో అసలు వాసన. "పైకి" అన్నాడు.

మేస్త్రి తువ్వాలు దులుపుకుంటూ దగ్గరికి వచ్చాడు. "అయినా ఆ అయిదో వరుస దగ్గర ఇంకా కాస్త కొడుతోందయ్యా."

ముక్కాయన అతని వైపు చూశాడు. "మేస్త్రీ, నిజం చెప్పు. నీకు అసలు ఎప్పుడైనా వచ్చిందా?"

"అదేం మాటయ్యా? మీకు వచ్చాక నాకు రాకపోతే ఎలా?"

సాయంత్రం ఆడవాళ్ళు వెళ్ళిపోయారు, హమాలీలు వెళ్ళిపోయారు. వదిన పొట్లాల గది తలుపు వేసి గోదాములోకి వచ్చింది. తాళంచెవి ఆమె చేతిలో ఉంది. ఒక పెట్టె మీద కూర్చుంది.

"నోట్లో దూది ఉంది కదా ఆ రోజు."

"ఉంది."

"మరి ఎలా పిలిచావు అబ్బాయ్?"

"పిలవలేదు వదినా."

తయారు చేసుకున్న జవాబులన్నీ ఏమయ్యాయో అతనికే తెలియదు. ఆమె తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మూడుసార్లు అన్నావు."

"అన్నాను."

"పదకొండేళ్ళుగా ఆ మూడు పిలుపులూ వింటూ పడుకుంటున్నాను తెలుసా? నీ గొంతుతో. ఒకటి, రెండు, మూడు. పలకలేదు, పోయాడు, బాధ లేదు అనుకుని కళ్ళు మూసుకుంటాను. రోజూ."

"దూది సాకు వదినా. తలుపు మీద గుద్దొచ్చు. లోపలికి వెళ్ళి చూడొచ్చు. కోపం. పచ్చి ముక్కు అన్నాడని..."

"నీ కోపం సంగతి తర్వాత." ఆమె గొంతు పెరగలేదు. త్రాసు దగ్గర పనివాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతే. "నాకు ఒకటి తేలాలి. పిలిస్తే ఆయనకు వినపడేదా? ఆయన పలికితే బయటికి వినపడేదా? ఎక్కడ పడి ఉన్నాడో నీకే తెలుసు. వెళ్ళి అక్కడ పడుకో. నేను తలుపు మూసి పిలుస్తాను."

"వదినా, ఎందుకు..."

"సరుకు చూడకుండా నువ్వు మాట చెప్తావా? నేనూ అంతే. వెళ్ళు."

అతను వెళ్ళాడు. అయిదో వరుసకూ ఆరో వరుసకూ మధ్య సందు భుజాలకు సరిపోయేంత ఉంది. నెలల తర్వాత అక్కడ కాలు పెట్టడం. నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. సిమెంటు చల్లగా వీపుకు తగిలింది. తలుపు రెక్కలు కలిసిన చప్పుడైంది, వెలుగు పోయింది. పైన గాలి కిటికీలో అరచెయ్యంత ఆకాశం. రెండు ముక్కులతోనూ గట్టిగా పీల్చాడు. టీ ఆకు, గోనె, కొత్త సున్నం. అంతే. అన్న ఏ పక్కనా లేడు. ఇన్నాళ్ళూ ఎవరో ఉన్నారని భయపడ్డాడు. ఎవరూ లేని చోట పడుకోవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

"ఎవరైనా ఉన్నారా?"

పక్కన నిలబడి పిలిచినట్టు వినపడింది. తలుపు మందం, పెట్టెల గుట్టలు, ఏవీ ఆ గొంతును ఆపలేదు. అతను ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టాడు. పలకకపోతే ఏమవుతుందో లెక్క తనంతట తానే వేసుకుపోతోంది. పలకకపోతే వినపడదని తేలుతుంది. పిలిచినా ఒకటే, పిలవకపోయినా ఒకటే అని తేలుతుంది. ఆమె నిద్ర ఆమెకు మిగులుతుంది. అతని తప్పు సగానికి సగం తరుగు పోతుంది. ఇద్దరికీ లాభమే. ఇంత మంచి బేరం జీవితంలో ఎవరూ అతని ముందు పెట్టలేదు.

"ఎవరైనా ఉన్నారా?"

మళ్ళీ పది. ఏడు దగ్గర అరచెయ్యి నేల మీద ఆనించాడు. అన్న చెయ్యి కూడా ఇక్కడే ఎక్కడో ఆని ఉంటుంది. ఎనిమిది. తొమ్మిది.

మూడో పిలుపు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు మాట మారింది. గొంతూ మారింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు.

"ఏమండీ... ఉన్నారా?"

అతను నోరు తెరిచాడు. గొంతు చించుకుని అరవలేదు. గుసగుసలాడనూ లేదు. ఎత్తు నుంచి పడి, లేవలేక, వెల్లకిలా పడి ఉన్న మనిషికి ఎంత గొంతు వస్తుందో అంతే గొంతుతో, ఒక్క గింజ ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా పలికాడు.

"ఉన్నాను."

అవతల చప్పుడు లేదు. పది లెక్కపెట్టాడు. ఇంకో పది. కిటికీలో ఆకాశం రంగు మారింది. వినపడలేదేమో అనుకున్నాడు, వినపడకపోతే బాగుండు అనుకున్నాడు, రెండోసారి పలకకూడదని పెదవులు బిగించాడు. పలకడం ఒక్కసారే. తూకం ఒక్కసారే.

మూడో పదిలో ఎక్కడో గడియ కదిలింది. నేల మీద సన్నటి వెలుగు గీత పడి, అతని పాదాల దాకా వచ్చి ఆగింది.

ఆమె లోపలికి రాలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. వెలుగు వెనకనుంచి పడి మొహం కనపడటం లేదు.

"వినపడింది" అంది.

అతను లేచాడు. చొక్కా దులుపుకోవాలని కూడా తోచలేదు. వరుసల మధ్య నుంచి నడిచి వచ్చి ఆమెకు రెండు అడుగుల ఇవతల ఆగిపోయాడు. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకోలేదు.

"బయటికి రా అబ్బాయ్" అంది. "ఇక నుంచి తాళం నేను వేస్తాను."

అతను వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె ఖాళీ గోదాములోకి తిరిగి, రెక్క పట్టుకుని, ఎవరైనా ఉన్నారా అని పిలిచింది. ఆగింది. పెదవులు కదులుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. అతను కూడా ఆమెతో పాటు పది దాకా లెక్కపెట్టాడు. ఆమె రెండోసారి పిలిచింది.